ముప్పై ఒకటో పిల్ల

గట్టుపేట ప్రభుత్వ ప్రాథమిక పాఠశాల. ప్రధానోపాధ్యాయిని దినచర్య పుస్తకం. కాగితం మీద, చేత్తో రాస్తున్నది సనపల హైమావతి. మా గోడకున్న యంత్రం గుమాస్తాకు అన్నీ వినపడతాయి, అన్నీ కనపడతాయి గానీ నా చేతిరాత మాత్రం బోధపడదు. చిన్నప్పుడు మా మాస్టారు నా రాత చూసి కోడి కెలికినట్టుందని తిట్టేవారు. ఇన్నేళ్ళకు ఆ కోడి అక్కరకొచ్చింది.

జూన్ 12

సెలవులయ్యాక బడి తెరిచాను. గది ఊడ్చుకున్నాను, గంట కొట్టాను, హాజరు పిలిచాను.

"లంక చందన."

"హాజరు," అన్నాడు గుమాస్తా.

"పైల తేజస్వి."

"హాజరు."

ముప్పై పేర్లకు ఇరవై ఏడు హాజరు, మూడు జ్వరాలు. తొలకరి పడ్డాక ఈ మండలంలో వందకు పదిమంది పిల్లలకు జ్వరం రావాలని లెక్క. ఈసారి తొలకరి ఇంకా పడలేదు, జ్వరం మాత్రం వేళకొచ్చింది.

బెంచీలన్నీ ఖాళీ. తొమ్మిదేళ్ళుగా ఖాళీయే. ఊళ్ళో పెళ్ళిళ్ళవుతున్నాయి, పిల్లలే పుట్టడం లేదు. పుట్టినవాళ్ళను లెక్కపెడితే బళ్ళన్నీ మూసెయ్యాలి కాబట్టి, పుట్టవలసినవాళ్ళను లెక్కపెట్టమని ఇరవయ్యేళ్ళ కిందట హుకుం వచ్చింది. పెళ్ళి నమోదైన రోజే ఆలుమగల్ని ఒక పేరు అడుగుతారు. ఆ పేరు మీద ఒక అంచనా బిడ్డ. ఏడాదికి పుట్టినట్టు కబురు, ఆపైన టీకాలు, అయిదో ఏట బడి. అంచనా పిల్లలందరి పుట్టినరోజూ జూన్ ఒకటో తేదీయే. మా తాతల నాటి హెడ్మాస్టర్లు ఎవరికి ఏ తేదీ తెలియకపోయినా ఇదే రాసేవారట. వాళ్ళ ఆత్మ ఎక్కడికీ పోలేదు, గుమాస్తాలో దూరింది.

తెలుగు వాచకం మొదలుపెట్టాను. రోజుకు ఆరు గంటలు నా గొంతు వినపడకపోతే గుమాస్తా పైకి రాస్తాడు. అందుకని బెంచీలకే పాఠం చెబుతాను. మంచి విద్యార్థులు, ఎదురు మాట్లాడరు.

గుమ్మంలో అలికిడైతే నూకరత్నం అనుకున్నాను. మా వంటమనిషి. రోజూ ముప్పై గుడ్లు ఉడకేసి, గుమాస్తాకు చూపించి, ఊళ్ళో ముసలివాళ్ళకు పంచిపెడుతుంది. గట్టుపేటలో ఎనభై దాటినవాళ్ళు కర్ర లేకుండా నడుస్తున్నారంటే ప్రాథమిక విద్య చలవే.

నూకరత్నం కాదు, పారమ్మ. ఒడ్డున నాచు పొలాల్లో పనిచేసే మనిషి, కాపురం కూడా అక్కడే, నాచు ఆరబెట్టే పాకలో. ఆవిడ కుచ్చిళ్ళ వెనక ఒక పిల్ల. నిజం పిల్ల. ముక్కు కారుతోంది.

"మేస్టరమ్మా, మా గుంటని బళ్ళో ఎయ్యండి. అయిదు నిండినాయి," అంది పారమ్మ.

చేతిలో సుద్దముక్క కిందపడింది. "నీకు పిల్లెప్పుడు పుట్టిందే?"

"పుట్టినప్పుడే పుట్టింది. ఎవుల్తోటీ సెప్పనేదు."

గుమాస్తా అందుకున్నాడు. "గదిలోకి గుర్తు తెలియని ప్రాణి ప్రవేశించింది. మేక అయితే బయటికి తోలగలరు."

"మేక కాదురా నాయనా, పిల్ల."

"పిల్లలు ముప్పైమంది ఉన్నారు. ఖాళీ లేదు."

జూన్ 13

పిల్ల పేరు తవిటమ్మ. పొద్దున్నే వచ్చి ముందు బెంచీ ఎక్కి కూర్చుంది.

"ఆ స్థానం లంక చందనది," అన్నాడు గుమాస్తా.

తవిటమ్మ పక్కకు చూసింది, బెంచీ కిందకు వంగి చూసింది. "సందనెవులు?"

ఏం చెప్పను? "ఇంకో అమ్మాయిలే," అన్నాను.

"మరి కనపడదేటి?"

"కనపడదు. నువ్వు కింద కూర్చో అమ్మా."

కింద కూర్చుంది. తొమ్మిదేళ్ళలో ఎన్నడూ లేనిది గుమాస్తా ముందు నాకు సిగ్గేసింది.

'అ' దిద్దించాను. వేలు పట్టుకుంటే పిల్ల వేలు వెచ్చగా, ఉప్పగా నాచు వాసన వేసింది. ఇంటికెళ్ళాక కూడా ఆ వాసన నా చేతిని వదల్లేదు, కడగబుద్ధీ కాలేదు.

జూన్ 16

పారమ్మను కూర్చోబెట్టి అడిగాను, పిల్లను ఎందుకు రాయించలేదని. నూకరత్నం కూడా చెయ్యి తుడుచుకుంటూ వచ్చి కూర్చుంది. ఊరందరికీ ఎప్పుడో తెలుసట. తెలియనిది నాకూ గుమాస్తాకే.

"మొదటి గుంట పురిట్లో పోనాది. రెండోదాన్ని ఆసుపత్రిలో రాయించినాం, నంబరిచ్చినారు, మూడో నెల్లో పోనాది," అంది పారమ్మ. "మా అత్త బతికుండీది అప్పుడు. లెక్కలో పెడితే పోతన్నారే, ఈ పాలి తవుడికి అమ్మీయే అన్నాది."

ఆ ఆచారం నేను మా నాయనమ్మ నోట విన్నాను. పిల్లలు నిలవని ఇంట్లో, పుట్టిన బిడ్డను చేటలో పడుకోబెట్టి పొరుగావిడకు ఇచ్చేస్తారు. బదులుగా ఆవిడ చేటెడు తవుడు ఇస్తుంది. ఇక బిడ్డ పొరుగావిడది. తల్లి ఊరికే పెంచి పెడుతుంది. యముడు వెతుక్కుంటూ వచ్చి అడిగితే, మా ఇంట్లో పిల్లల్లేరు బాబూ, కావాలంటే తవుడుంది, చూసుకో అని చెప్పడానికి. అలా బతికినవాళ్ళే తవిటమ్మలు, తవిటినాయుళ్ళు.

"పక్క పాకలో ఆదెమ్మకి అమ్మినాను," అంది పారమ్మ. "నాది కాని గుంటని నా పేరుతో ఎలాగ రాయించీది? రాయిస్తే ఆడికి తెలిసిపోదేటి?"

"మరి ఆదెమ్మ రాయించొచ్చుగా?"

"అదెప్పుడో పోనాది కదండి."

నూకరత్నం ముక్కు మీద వేలేసుకుంది. "ఓలమ్మ! యముడు బతకనిచ్చినాడు, ఈ పెట్టి బతకనీదేటి!"

జూన్ 23

మండల విద్యాధికారి పురుషోత్తం గారు గోడ తెర మీద ప్రత్యక్షమయ్యారు. వెనక ఆయన గదిలో ఎవరో టీ తాగుతున్నారు.

"ఏమిటమ్మా హైమావతీ, మీ బడి నుంచి ఎప్పుడూ లేనిది గుమాస్తా ఫిర్యాదు. అనధికార విద్యార్థి అట?"

"పిల్లండి. అయిదేళ్ళ ఆడపిల్ల. ముప్పై ఒకటో నంబరు ఇప్పించండి."

"ముప్పై దాటితే రెండో గది, రెండో టీచరు ఇవ్వాలి. ఎక్కడినుంచి తేను?"

"పోనీ ఒక అంచనా పేరు కొట్టేస్తాను."

"ముప్పైకి తగ్గిందో, బడి మూత. తగ్గించిన మరునిమిషం తాళం పడుతుంది. నీకు ఇంకా మూడేళ్ళ సర్వీసుంది కదమ్మా, ఎందుకొచ్చిన గొడవ?"

"మరి పిల్ల మాటేమిటి?"

ఆయన కాగితం చూసుకుంటున్నట్టు కళ్ళు దించారు. "సజీవ బాలలకు వేరే నిబంధన ఉంది. జూలై 31 నాటికి ఏ బడిలోనూ లేని పిల్లను జిల్లా వసతి గృహానికి తీసుకెళ్ళిపోతారు. వ్యాను వస్తుంది. మంచి చోటే. ఈ జిల్లా మొత్తానికి పదకొండు మంది ఉన్నారు అక్కడ. ఏడాదికోసారి తల్లిదండ్రుల్ని చూడనిస్తారు."

"ఏడాదికోసారా?"

"పండక్కి," అన్నారాయన, పండగంటే నేను సంతోషిస్తానని కాబోలు.

గోడ చీకటైంది. వెనక్కి తిరిగితే తవిటమ్మ పలక మీద 'ఆ' రాసి చూపించింది. తోక ఎటో పోయింది. బాగుందన్నాను. ఈ పిల్లను వ్యాను ఎక్కనివ్వకూడదని ఆ నిమిషానే నిశ్చయించుకున్నాను, ఎలాగో మాత్రం తెలియలేదు.

జూలై 3

దారి ఒకటే. ఒక అంచనా పిల్లకు టీసీ ఇచ్చి పంపించడం, ఆ క్షణాన్నే ఆ చోటులో తవిటమ్మను ఎక్కించడం. ముప్పై ముప్పైగానే ఉంటుంది. టీసీలో కారణం గడి ఉంది. గుమాస్తాను ఒక్కోటీ అడిగాను.

"వలస అని రాస్తే?"

"వెళ్ళే ఊళ్ళో ఖాళీ ఉండాలి. అన్ని ఊళ్ళ అంచనాలూ నిండి ఉన్నాయి."

"మరణం?"

"జనన సమయం, స్థలం నింపనిదే మరణం గడి తెరుచుకోదు."

"చదువు మానేసింది?"

"అరవై రోజులు వరుసగా రాకపోతే."

"నెల కూడా లేదు కదరా గడువుకి."

"మిగతా రోజులు అంచనా వేయగలను," అన్నాడు ఎంతో వినయంగా. "మొదటి అయిదు రోజులు మీరు గైరుహాజరు వేస్తే చాలు."

వీడితో తొమ్మిదేళ్ళు వేగాను గానీ, వీడు నాకు ఉపకారం చేసింది లేదు. అయినా నమ్మాను. ఒకటో తరగతి జాబితాలో మొదటి పేరు లంక చందన. ఆ పేరు ఎదురుగా 'గై' అని పెట్టాను. అంతకంటే ఆలోచించలేదు.

జూలై 8

అయిదో 'గై' పడిన అరగంటకు బయట కేకలు. సరుకుల డిపో దమయంతి పరుగెత్తుకొచ్చింది. చెప్పుల్లేవు, చేతిలో డిపో తాళాలు అలాగే ఉన్నాయి. ఆమె వెనక మొగుడు అప్పన్న రొప్పుతూ.

"మేడమ్! మా చందన అయిదు రోజుల్నుంచి బడికి రాట్లేదని కబురొచ్చినాదేటండి? రాకపోతే ఎక్కడికెళ్ళినట్టు?"

కలం కింద పెట్టేశాను.

"జ్వరమొస్తే కబురొస్తాది. టీకా ఏస్తే కబురొస్తాది. రోజూ మజ్జానం 'మీ అమ్మాయి గుడ్డు పూర్తిగా తిన్నది' అని వస్తాది. అయిదు రోజులు అదీ లేదు. మొదట మా పరికరమే పాడైనాదనుకున్నాను..." అని ఆగిపోయింది. ఏం మాట్లాడుతోందో తనకే వినబడినట్టుంది. చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నాకు తెలుసు మేడమ్. పిచ్చిదాన్ని కాను. పుట్టనేదని నాకు తెలీదేటి? నా కడుపు నాకు తెలీదేటి?"

అప్పన్న తల వంచుకుని మెల్లిగా అన్నాడు. "ఆ కబుర్లన్నీ వరసగా గోడకి అంటించుకుంటాది మేడమ్. ఎన్నిసార్లు సెప్పినానో. ఇనదు. నాను కూడా పొద్దున్న లెగిసి అయే సదువుతాను."

అయిదు రోజులు ఆ తల్లిని ఏడిపించింది నా కలమే. చెంపలు వాయించుకోవాలనిపించింది. జరిగింది జరిగినట్టు చెప్పాను, పారమ్మ పిల్ల సంగతి, వ్యాను సంగతి, అన్నీ.

విన్న తర్వాత దమయంతి కళ్ళు ముందు బెంచీ మీద పడ్డాయి. ఈ అయిదు రోజులూ చందన గైరుహాజరు కాబట్టి గుమాస్తా అభ్యంతరం చెప్పలేదు, తవిటమ్మ బెంచీ మీదకు చేరింది.

"లెగు," అంది దమయంతి గట్టిగా. "అది మా చందన చోటు."

తవిటమ్మ లేవలేదు. కొంచెం జరిగింది. "సోటుంది గదా. ఆ పక్కని సందన కూకుంటాది, ఈ పక్కని నాను కూకుంటాను. రోజూ అలగే కూకుంటన్నాం."

గైరుహాజర్లు కొట్టేశాను. మధ్యాహ్నపు కబురు సాయంత్రం నాలుగింటికి దమయంతికి వెళ్ళి ఉంటుంది, గుడ్డు పూర్తిగా తిన్నదని.

జూలై 12

నిన్న దమయంతి మళ్ళీ వచ్చింది. ఈసారి చెప్పులు వేసుకుని, బిస్కెట్లు పట్టుకుని, ఊరికే ఇటు వెళుతూ వచ్చానని. డిపో ఇటు వైపు కాదు, అటు వైపు.

తవిటమ్మ దగ్గర చతికిలబడింది. నేను బల్ల దగ్గర ఏదో రాసుకుంటున్నట్టు నటించాను.

"నీకు చందన తెలుసునేటి?"

"తెలుసు."

"ఏటి సేస్తాది?"

"నవ్వుతాది. దానికి 'ఇ' రాదు. నానే సెప్తన్నాను. మొద్దు."

"మొద్దేటి! అన్నిట్లోనూ ఫస్టు మార్కులు పంపినారు నాకు," అని దమయంతి రోషపడింది. తర్వాత గొంతు తగ్గించి అడిగింది. "జడలెన్ని?"

తవిటమ్మ కాసేపు పక్కకు చూసింది. "ఒకటే. రిబ్బను నేదు. ఆళ్ళమ్మ కట్టనేదేమో."

దమయంతి లేచి వెళ్ళిపోయింది. ఇవాళ రిబ్బను తెచ్చింది, ఎర్రది. కట్టడానికి అక్కడ ఒక్క తలే ఉంది. దానికే కట్టింది.

మధ్యాహ్నం గుడ్డు పెడితే తవిటమ్మ తెల్లది తినేసి పచ్చసొన నూకరత్నం అరచేతిలో పెట్టింది. "నీసుగుంటాది," అంది.

జూలై 20

నిబంధనల పుస్తకం తిరగేసి తిరగేసి విసుగొచ్చి గుమాస్తా మీద అరిచాను. "అంచనా పిల్లని పంపడానికి దారి లేదు. సరే. అంచనా బిడ్డ నిజంగానే పుట్టేస్తే ఏం చేస్తారు మీరు?"

"తొమ్మిదో నంబరు పత్రం. అంచనా నిజమైనట్టు ధ్రువీకరణ."

"ఏమిటీ?"

"సజీవ బిడ్డను నా ముందు నిలబెట్టి, ఇది మా బిడ్డే అని అంచనా తల్లిదండ్రులు వేలిముద్ర వేయాలి. ప్రధానోపాధ్యాయుల సాక్ష్యం. సంఖ్య మారదు. ఖాళీ అక్కర్లేదు."

"నెల్లాళ్ళ నుంచి నీతో తల బాదుకుంటున్నాను, ఈ మాట ముందే ఎందుకు చెప్పలేదురా?"

"తొమ్మిదేళ్ళలో ఎవరూ అడగలేదు."

ఎగిరి గంతేద్దామనుకున్నాను, మోకాళ్ళు ఒప్పుకోలేదు. అంతలో వాడు మిగతాది చదివాడు. బిడ్డ మీద వేరెవరికైనా హక్కు ఉందని అనుమానం వస్తే, వాళ్ళు కూడా నా ముందు నిలబడి, ఈ బిడ్డ మాది కాదు అని చెప్పాలి. గదిలోకి పిల్లను తెచ్చిన మనిషి గొంతు జూన్ 12న నమోదై ఉన్నది.

జూలై 24

పారమ్మను, పిల్లను, దమయంతిని, అప్పన్నను మా ఇంటి అరుగు మీద కూర్చోబెట్టాను. పారమ్మ మొగుడు పడవ మీద ఉన్నాడు, పారమ్మ ఏదంటే అదేనట. వాళ్ళ పెళ్ళి నమోదు కాలేదు కాబట్టి వాళ్ళ పేరు మీద అంచనా బిడ్డ లేదు. చెప్పవలసింది చెప్పాను. కాగితాల్లో పిల్ల పేరు లంక చందన. అమ్మ దమయంతి, నాన్న అప్పన్న. పెరిగేది పారమ్మ పాకలోనే.

మొదట దమయంతే తల అడ్డంగా ఊపింది. "అప్పుడు మా చందన ఏటైపోతాది?"

అప్పన్న గోడకేసి చూస్తూ కూర్చున్నాడు.

పారమ్మ లేచి నిలబడింది. "నాను మాటాడనిచ్చీండి. ఒకపాలి అమ్మినాను. ఆయేళ ఒళ్ళు తెలీనేదు, బతికితే సాలనుకున్నాను. అయిదేళ్ళు పెంచినాక మళ్ళీ నాది కాదనీసి సెప్పీమంటే నోరెలాగొస్తాదండి?" పిల్ల చెయ్యి పట్టుకుని గట్టు దిగి వెళ్ళిపోయింది. నా ప్రయత్నం అంతటితో సరి అనుకున్నాను.

జూలై 29

బడి కట్టేసే వేళకు దమయంతి, పారమ్మ కలిసే వచ్చారు. ఎవరు ఎవరి ఇంటికి వెళ్ళారో నేను అడగలేదు. దమయంతి కళ్ళు ఉబ్బి ఉన్నాయి. పారమ్మ చంకలో చేట ఉంది.

"ఊరికే ఇవ్వను," అంది పారమ్మ నాతో. "పద్దతి పెకారం ఇస్తాను. తవుడు తెమ్మన్నాను."

ఇప్పుడు తవుడెక్కడిది? బియ్యం ఆకాశంలోంచి సంచుల్లో దిగుతాయి, మిల్లు చూసినవాడే లేడు. అయిదేళ్ళ కిందటి తవుడు ఆదెమ్మ అటక మీద మిగిలిన పాతదట. దమయంతి డిపో అంతా వెతికి ఆఖరికి చక్కెర జబ్బువాళ్ళు తినే తవుడు బిస్కెట్ల పొట్లాలు ఆరు తెచ్చింది.

"దీన్లో తవుడెంత ఉన్నాదే?" అని నూకరత్నం పొట్లం తిప్పి చూసింది. "నూటికి నలభై అట. మిగిలినది పిండి."

"యముడు పొట్లం సదవడులే," అంది పారమ్మ. ముందు నూకరత్నం నవ్వింది, తర్వాత అందరం నవ్వాం. నవ్వుతూ నవ్వుతూ దమయంతి ఏడ్చేసింది, పారమ్మ ఆవిడ వీపు మీద చెయ్యేసింది.

తవిటమ్మ చేటలో పట్టదు. చేట నేలమీద పెడితే దాంట్లో నిలబడింది. పారమ్మ చెయ్యి పట్టి దించి దమయంతికి అప్పగించింది. దమయంతి పొట్లాలు చేటలో పోసింది. అమ్ముడుపోయిన మనిషి అందులోంచి రెండు బిస్కెట్లు తీసుకుని తినేసింది.

జూలై 31

పదింటికి వ్యాను గట్టు మొదట ఆగింది. డ్రైవరు లేడు, తలుపు తెరుచుకుని ఉంది. లోపల చిన్న సీటు, దాని మీద బొమ్మ కూడా పెట్టారు.

గుమాస్తా ముందు నిలబడ్డాం. "ఈ బిడ్డ ఎవరు?"

"లంక చందన. మా బిడ్డే," అంది దమయంతి. అప్పన్న వేలిముద్ర వేశాడు, దమయంతి వేసింది.

"జూన్ 12న ఈ బిడ్డను తన బిడ్డగా చెప్పిన స్త్రీ సమాధానం చెప్పాలి."

పారమ్మ ముందుకొచ్చింది. పిల్ల వైపు చూడలేదు. నూకరత్నం పిల్లను పట్టుకుని చెవులు మూసింది.

"ఆయేళ యముడికి సెప్పినాను, ఈయేళ నీకు సెప్తన్నాను. ఈ గుంట నాది కాదు." చెంగు నడుముకు దోపుకుంది. పూర్తి చేసింది. "నాకు పిల్లల్నేరు."

"ప్రధానోపాధ్యాయుల సాక్ష్యం."

లేని పిల్లలు ముప్పైమంది ఉన్నారని తొమ్మిదేళ్ళు చదవకుండానే సంతకం పెట్టినదాన్ని. ఉన్న ఒక్క పిల్ల కోసం అబద్ధం ఆడబోతూ పత్రమంతా రెండుసార్లు చదివాను. పెట్టాను.

తర్వాత వ్యాను తలుపు మూసుకున్న చప్పుడైంది. బొమ్మతో సహా అది గట్టు దిగిపోయింది. పారమ్మ గోడకు ఆనుకుని కిందకు జారి కూర్చుంది. తవిటమ్మ నూకరత్నం చేతులు విడిపించుకుని వెళ్ళి ఆవిడ ఒళ్ళో పడింది.

సాయంత్రం పురుషోత్తం గారు గోడ మీదకు వచ్చి అభినందించారు. జిల్లాలో ఒక అంచనా నిజమవడం ఇదే మొదటిసారట. మా బడి అంచనాలు నూటికి మూడు చొప్పున ఫలించినందుకు వచ్చే ఏడు నలభై అయిదు మంది పిల్లల్ని, రెండో గదిని మంజూరు చేస్తారట. థాంక్సండీ అన్నాను. నూకరత్నం ఇంకో పదిహేను గుడ్లు ఎవరెవరికి ఇవ్వాలో అప్పుడే లెక్క వేసుకుంటోంది.

ఆగస్టు 1

హాజరు పిలిచాను. "లంక చందన."

గుమాస్తా పలకలేదు. నిజమైన పిల్ల కదా, ఇక తనే పలకాలి. తవిటమ్మ ఎర్ర రిబ్బనుతో ముందు బెంచీ మీద, ఒక పక్కగా, ఇంకొకరికి చోటు వదిలి కూర్చుంది. రెండు రోజులు నేర్పించాం, ఆ పేరు పిలిస్తే ఉన్నానండీ అనమని. తన పక్కకు చూస్తూ ఊరుకుంది.

"లంక చందన," అన్నాను మళ్ళీ.

"గైరుహాజరు," అన్నాడు గుమాస్తా. తొమ్మిదేళ్ళలో మొదటిసారి ఒక పిల్ల కళ్ళెదుట కూర్చుని ఉంటే, వీడు లేదన్నాడు. ఇంటికి కబురు కూడా కొట్టేశాడు.

దమయంతి వచ్చేసరికి నేనింకా బతిమాలుతున్నాను. గుమ్మంలో నిలబడింది. "ఏమ్మా, పలకలేదేటి?"

"సందన్ని పిలిసినారు," అంది తవిటమ్మ. "అది పలుకుతాదని సూస్తన్నాను."

దమయంతి లోపలికొచ్చి బెంచీ దగ్గర మోకాళ్ళ మీద కూర్చుంది. ఖాళీగా ఉన్న వైపు ఒకసారి చేత్తో తడిమింది.

"చందన ఇంక రాదమ్మా," అంది. "ఇకనుంచి నువ్వే పలకాల."

"ఎక్కడికెల్లిపోనాది?"

"ఎక్కడికీ ఎళ్ళనేదు. రానేదు, అంతే. నువ్వు మధ్యలోకి జరిగి కూకో."

తవిటమ్మ జరిగింది. మూడోసారి పిలిచాను. "ఉన్నానండీ," అని గట్టిగా అరిచింది. గుమాస్తా 'గై' కొట్టేసి హాజరు వేశాడు. దమయంతి కళ్ళు తుడుచుకుని డిపో తెరవడానికి వెళ్ళింది. మిగిలిన ఇరవై తొమ్మిది పేర్లూ చదివాను, వాడు వరసగా పలికాడు. ఈరోజు జ్వరాలేమీ లేవు.

మధ్యాహ్నం దమయంతి నాకు తెచ్చి చూపించిన కబురు: 'మీ అమ్మాయి గుడ్డు పూర్తిగా తినలేదు. పచ్చసొన వదిలేసింది.' అయిదేళ్ళలో ఆ ఇంటికి గుమాస్తా చెప్పిన మొదటి నిజం. దాన్ని పారమ్మకు చదివి వినిపించాలని దమయంతి డిపో కట్టేసి ఎండలో నాచు పాకలకేసి దిగుతోంది. ఇది రాస్తుంటే కిటికీలోంచి కనిపిస్తోంది.